ఆరో నంబరు పొట్లం

చొక్కాకి చిల్లు పడ్డ సంగతి ల్యాబ్‌లో తెలిసేది కాదు, ఉతికాక తెలిసేది. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్క మీద పడితే అప్పటికప్పుడు ఏమీ కనపడదు, ఏదో నీటి బొట్టు అనుకుంటాం. ఆదివారం అమ్మ చొక్కా ఉతికి, దండెం మీద వేసేముందు ఒక్క దులుపు దులిపితే జేబు కింద పెసరగింజంత కన్నం. ఆ కన్నంలోంచి నన్నే చూస్తూ "కాలేజీకి పోతున్నావా, చుట్టలు కాల్చడానికి పోతున్నావా?" అని అడిగింది. యాసిడ్ అంటే నమ్మలేదు. నాన్న వచ్చి, కన్నం అంచు వేళ్ళతో నలిపి, వాసన చూసి, "చుట్ట కాదులే" అని తీర్పు చెప్పాక వదిలిపెట్టింది. అయిదు వారాల ల్యాబ్ పూర్తయ్యేసరికి నాకున్న మూడు చొక్కాల్లో రెండు అలా తయారయ్యాయి. మూడోది పెళ్ళిళ్ళకి వేసుకునేది కాబట్టి బతికిపోయింది.

ఇది 1998 నుంచి 2000 దాకా నా ఇంటర్ రోజుల మాట. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. పదో తరగతి జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఇంటర్ దగ్గరి టౌన్లో, ఎంపీసీ, అదీ తెలుగు మీడియమే. ఇప్పుడు నేను చేసేది బ్యాంకు ఉద్యోగం. కెమిస్ట్రీకీ నాకూ చుట్టరికం ఆ రెండేళ్ళే. అయినా ఆ రెండేళ్ళలో లెక్కలూ ఫిజిక్సూ ఏం చదివానో అడిగితే తడుముకుంటాను గానీ, కెమిస్ట్రీ మాత్రం ఇప్పటికీ ముక్కులోనూ వేళ్ళ మీదా ఉంది.

తెలుగు అకాడమీ పుస్తకం చేతికొచ్చిన మొదటి వారంలో నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, నాకు తెలుగు రాదని. ఋణవిద్యుదాత్మకత. సంకరీకరణం. ద్రావణీయతా లబ్ధం. విద్యుద్విశ్లేష్యం. పదో తరగతిలో తెలుగులో క్లాస్ ఫస్ట్ వచ్చినవాణ్ణి, ఒక పేజీ గట్టిగా చదివేసరికి నాలుక మడతపడింది. కెమిస్ట్రీ సార్ ఆ మొదటి మాటని ఒకసారి పూర్తిగా పలికి, ఊపిరి పీల్చుకుని, "అంటే ఎలక్ట్రోనెగటివిటీ" అనేవారు. మా ఇంట్లో ఋణం అంటే ఒకటే అర్థం, కో-ఆపరేటివ్ బ్యాంకులో ఉన్న పంట లోను. అందుకని బంధంలో ఉన్న ఎలక్ట్రాన్లని ఎక్కువగా తనవైపు లాక్కునేది ఫ్లోరిన్ అనీ, పౌలింగ్ స్కేలు మీద దాని విలువ 4 అనీ చదివినప్పుడు నా కళ్ళ ముందు ఫ్లోరిన్ వడ్డీ వ్యాపారి వేషంలోనే వచ్చి నిలబడింది. ఆ వేషం ఈ రోజుకీ మారలేదు.

కానీ ఒక మాట చెప్పాలి. ఆ తెలుగు మాటల్ని చాలామంది వెక్కిరిస్తారు, నేనూ వెక్కిరించాను. కాస్త ఓపిగ్గా కూర్చుంటే వాటంతట అవే విప్పుకునేవి. అవక్షేపం అంటే కిందికి పడేది. ఉత్ప్రేరకం అంటే ప్రేరేపించేది. పక్క సెక్షన్ ఇంగ్లీష్ మీడియం వాళ్ళు కెటలిస్ట్ అని గడగడా చెప్పేవాళ్ళు. ఆ మాటలో ఏముందిరా అంటే తెల్లమొహం వేసేవాళ్ళు. శాంకవ కుప్పె ఒక్కదాన్ని మాత్రం నేనూ సమర్థించలేను. దాన్ని రెండేళ్ళూ అందరం కోనికల్ ఫ్లాస్కనే అన్నాం.

మొదటి పాఠాల్లోనే మోలు వచ్చి పడింది. సార్ అటెండర్ చేత గ్లాసుతో నీళ్ళు తెప్పించి, అందరూ చూస్తుండగా ఒక్క గుక్క తాగారు. "ఇప్పుడు నేను తాగింది ఇంచుమించు ఒక మోలు నీళ్ళు. 18 గ్రాములు. ఇందులో అణువులు 6.022 × 10²³. డజను అంటే 12, గ్రోసు అంటే 144, మోలు అంటే ఇంత. అంతకుమించి ఏమీ లేదు, భయపడకండి" అన్నారు. వెనక బెంచీ నుంచి ఎవరో "ఇంకో మోలు కూడా తాగండి సార్, ఎండగా ఉంది" అన్నాడు. సార్ నిజంగానే తాగారు.

ఆ లెక్క ఇంటికొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పంచలో యూరియా బస్తాలు దించి ఉన్నాయి, 50 కిలోలవి. బస్తా మీద నత్రజని 46 శాతం అని అచ్చేసి ఉంది. చిన్నప్పటినుంచీ చూస్తున్న బస్తానే, దాని మీద కూర్చుని అన్నం తిన్న రోజులున్నాయి. ఆ పూట మాత్రం చేతులు దురదపెట్టాయి. నోట్సు తీసి లెక్క కట్టాను. యూరియాలో కార్బన్ ఒకటి 12, ఆక్సిజన్ ఒకటి 16, నైట్రోజన్లు రెండు 28, హైడ్రోజన్లు నాలుగు 4. మొత్తం 60. అరవైలో ఇరవై ఎనిమిది అంటే 46.67 శాతం. బస్తా మీద ఉన్న అంకె నా చేతుల్లో పుట్టింది! పరుగున వెళ్ళి నాన్నకి చూపించాను. నాన్న కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు.

"నీకు నలభై ఆరు పాయింట్ అరవై ఏడు వచ్చింది. బస్తా మీద నలభై ఆరే ఉంది. మిగతాది ఎవడు మింగాడు?"

మర్నాడు సార్‌ని అడిగాను. ఆయన నవ్వి, "మీ లెక్క కాగితం మీది, బస్తా ఫ్యాక్టరీది. కాస్త తేమ ఉంటుంది, బైయూరెట్ అని ఒక మలినం ఉంటుంది" అన్నారు. ఆ సమాధానం మోసుకొచ్చి నాన్నకి అప్పజెప్పాను. "అంటే తేమని కూడా డబ్బులిచ్చి కొంటున్నామన్నమాట" అన్నారు. ఇదే యూరియాని 1828లో వోలర్ అనే జర్మనీ ఆయన అమ్మోనియం సయనేట్‌ని వేడిచేసి తయారుచేశాడనీ, అంతకుముందు అలాంటి పదార్థాలు ప్రాణమున్న ఒంట్లోనే పుడతాయని నమ్మేవాళ్ళనీ కూడా చెప్పబోయాను. అప్పటికే ఆయన గొడ్ల కొట్టం వైపు వెళ్ళిపోయారు.

పరమాణు నిర్మాణం సంగతికొస్తే, పీ ఆర్బిటాల్, అంటే ఎలక్ట్రాన్ ఉండే చోటు, డంబెల్ ఆకారంలో ఉంటుందని పుస్తకం. మా క్లాసులో డంబెల్ చూసినవాడు ఒక్కడూ లేడు. సార్ కాసేపు ఆలోచించి "శివుడి చేతిలో డమరుకం చూశారుగా, అదీ" అన్నారు. అంతే, అందరికీ పట్టుబడింది. హుండ్ నియమానికి ఆర్టీసీ బస్సు. కిటికీ పక్క సీట్లన్నీ ఒక్కొక్కరితో నిండేదాకా ఎవడూ రెండోవాడి పక్కన కూర్చోడు, ఎలక్ట్రాన్లూ అంతే. క్రోమియం, కాపర్ మాత్రం టికెట్టు తీసుకున్న సీట్లో కూర్చోక మారి కూర్చునే రకాలు. ఫోర్ ఎస్ లోంచి ఒకటి లేచి త్రీ డీ లోకి పోతుంది. పరీక్షలో సరిగ్గా ఆ రెండే అడిగేవాళ్ళు.

మొదటి గ్రూపు మూలకాలకి మా బ్యాచ్ తయారుచేసిన వాక్యం ఒకటుంది. "లీల నాతో కలిసి రిక్షాలో సినిమాకి ఫ్రీగా." లిథియం, సోడియం అంటే నా, పొటాషియం అంటే కె, రుబీడియం, సీజియం, ఫ్రాన్సియం. వాక్యం బ్రహ్మాండంగా ఉంది గానీ, ఆ పేరున్న అమ్మాయి బైపీసీలో నిజంగానే ఉండటంతో అది వరండాలో గట్టిగా వల్లెవేసే వీలు లేకుండా పోయింది.

ఆర్గానిక్ గురించి పెద్దగా చెప్పను, అదంతా చర్యల పేర్లూ నియమాల పేర్లూ బట్టీ. ఉర్ట్జ్, ఫ్రీడల్ క్రాఫ్ట్స్, కానిజారో, మార్కోవ్నికాఫ్... మా ఊరి పొలాల గట్ల మీద ఈ పేర్లన్నీ నడుస్తూ వల్లించాను. కానిజారో ఒక్కటి కథలాగా నచ్చింది. ఆల్ఫా హైడ్రోజన్ లేని ఆల్డిహైడ్‌కి గాఢ క్షారం తగిలితే, ఒకే రకం అణువుల్లో సగం ఆక్సీకరణం చెంది ఆమ్ల లవణం, సగం క్షయకరణం చెంది ఆల్కహాల్. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ముల్లో ఒకడి చేతిలోది ఇంకొకడి చేతికి పోయినట్టు. ఇలాంటి అన్నదమ్ములు మా ఊళ్ళో ఉన్నారు కూడా.

సెకండియర్లో, 1999 ఆగస్టు 11 సాయంత్రం సూర్యగ్రహణం పట్టింది. మా నాయనమ్మ మధ్యాహ్నం నుంచే హడావుడి, ఊరగాయ జాడీ మీదా నీళ్ళ బిందె మీదా దర్భలు, ఎవరూ గడప దాటడానికి వీల్లేదు. ఆ తర్వాతి క్లాసులో సార్ వచ్చీ రాగానే "గ్రహణానికి తలుపులేసుకుని కూర్చున్నవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. అందరం ఎత్తాం.

"1868 ఆగస్టు 18న ఇలాంటి గ్రహణమే పట్టింది. సంపూర్ణ గ్రహణం. అది చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఆయన ఓడెక్కి ఎక్కడికొచ్చాడో తెలుసా?" అని ఆగారు. లండన్, కలకత్తా, కాశీ అని అందరం తలా ఒకటి చెప్పాం. "గుంటూరు" అన్నారు.

క్లాసు గొల్లుమంది. మాకు తెలిసిన గుంటూరు మిరపకాయల యార్డు, పెద్దాసుపత్రి, శంకర్ విలాస్ సెంటర్. అక్కడ టెలిస్కోపు పెట్టుకుని కూర్చున్న ఫ్రెంచి దొరని ఊహించుకోవడం ఎలా? సార్ బోర్డు మీద సూర్యుణ్ణి గీసి, అంచున మంటల నాలుకలు గీశారు. గ్రహణం పూట చంద్రుడు అడ్డం వస్తే ఆ నాలుకలు కనిపిస్తాయి. వాటి వెలుగుని స్పెక్ట్రోస్కోపుతో విడదీసి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. అంటే అవి మండిపోతున్న వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని జాన్సెన్‌కి తట్టింది. మర్నాడు పొద్దున్న గుంటూరులోనే చూశాడు కూడా. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీతని మొదట సోడియం అనుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకయర్ చూస్తే అది సోడియం గీతల పక్కన ఉంది గానీ సోడియం గీతల మీద లేదు. ఇదేదో కొత్త మూలకం అన్నారు. సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అయింది. భూమ్మీద అది దొరకడానికి ఇంకా 27 ఏళ్ళు పట్టింది. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి దాన్ని రాబట్టాడు.

హీలియం ఉండే జడవాయువుల పాఠం అప్పటికింకా మొదలే కాలేదు. ఇదేమీ పరీక్షలో అడగరు కాబట్టి ఒక్కడూ నోట్సు రాసుకోలేదు. అందుకేనేమో గుర్తుండిపోయింది. ఇంటికెళ్ళి నాయనమ్మకి చెబితే, "గ్రహణం పూట బయట తిరిగి ఆ దొర బాగుపడ్డాడా?" అంది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. చాలా ఏళ్ళకి చదివితే తెలిసింది, ఆయన 1907 దాకా బతికాడు, 83 ఏళ్ళు. ఈ సంగతి చెబుదామంటే అప్పటికి నాయనమ్మ లేదు.

ఇక ల్యాబ్. రెండేళ్ళ కోర్సులో మాకు ల్యాబ్ తలుపు తెరిచింది సెకండియర్ సంక్రాంతి సెలవుల తర్వాత. ఫిబ్రవరి నెలాఖర్లో ప్రాక్టికల్ పరీక్షలు. అంటే రెండేళ్ళ చదువుకి అయిదు వారాల ల్యాబ్. ఎందుకని అడిగితే కెమికల్స్ రాలేదనేవాళ్ళు. కిటికీ అద్దంలోంచి చూస్తే మాత్రం అల్మారా నిండా సీసాలు దుమ్ము పట్టి కనిపించేవి. ఆ దుమ్ము మీద ఇప్పటికీ నాకు కోపమే.

తెరిచాక మాకు ల్యాబ్ నేర్పింది ఎక్కువగా అటెండర్. అందరం బాబాయ్ అనేవాళ్ళం. అయిదో తరగతి దాకా చదివాడట. సీసాల మీది ఇంగ్లీషు లేబుళ్ళు కూడబలుక్కుని చదివేవాడు, కానీ ఆయనకి వాటితో పనిలేదు. పై అర ఎడమ నుంచి మూడోది, కింది అర గోడవారది, అలా తెలుసు. ఎవడైనా సీసా తీసి ఇంకోచోట పెడితే మాత్రం రౌద్రం వచ్చేది. "సదువుకున్నోళ్ళు మీరు, పేరు చూసి తీస్తారు. నేనేం చూసి తీయాల?" అని కేకలేసేవాడు. ఏదైనా లవణం పొడి పరీక్ష నాళికలో వేసి వేడిచేస్తుంటే, దూరం నుంచి చప్పుడు విని ఏ లవణమో చెప్పగలిగేవాడు.

సిల్వర్ నైట్రేట్ సీసా మాత్రం బీరువాలో తాళం వేసి ఉండేది, ఖరీదు కదా. క్లోరైడ్ పరీక్షకి మనిషికి మూడు చుక్కలు లెక్క. ఆ మూడు చుక్కల్లో ఒకటి నా వేళ్ళ మీదే పడింది. అప్పుడేమీ లేదు, సాయంత్రానికి బూడిద రంగు, మర్నాటికి కాటుక నలుపు. సబ్బు, నిమ్మకాయ, కిరోసిన్, దేనికీ పోలేదు. నాయనమ్మ ఆ వేలు పట్టుకుని, "ఎలక్షన్లయి అయిదు నెలలయింది, ఇంకా సిరా పోలేదేరా? అయినా నీకు ఓటెక్కడిది?" అంది. ఆమె అంత తప్పేమీ అనలేదు. ఓటేసినప్పుడు వేలికి పూసే సిరాలో ఉండేది కూడా సిల్వర్ నైట్రేటే.

వరండా చివర కిప్స్ పరికరం ఉండేది, మూడు గాజు బుడ్లు ఒకదాని మీద ఒకటి. మధ్య బుడ్డిలో ఐరన్ సల్ఫైడ్ నల్లరాళ్ళు, పై బుడ్డిలో పోసిన సజల యాసిడ్. కొళాయి తిప్పితే యాసిడ్ కిందనుంచి ఎగదన్ని రాళ్ళని తాకుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ బుసబుసా వస్తుంది. కట్టేస్తే లోపల నిండిన వాయువే యాసిడ్‌ని వెనక్కి తోసేస్తుంది, చర్య దానంతటదే ఆగిపోతుంది. ఎవరూ చెప్పకుండా ఆగే ఆ ఏర్పాటుని చూస్తూ ఎంతసేపైనా నిలబడేవాణ్ణి, ముక్కు మూసుకుని. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. పక్కగది సీఈసీ వాళ్ళు రోజూ గొడవ. మాకు మాత్రం వారం తిరిగేసరికి ఆ కంపు తెలియడం మానేసింది. బస్సులో మా పక్క సీటు ఎందుకు ఖాళీగా ఉంటుందో కొన్నాళ్ళు అర్థం కాలేదు.

సాల్ట్ అనాలిసిస్, అంటే ఇచ్చిన పొడి ఏ లవణమో కనిపెట్టడం, మొదట్లో నాకు వ్రతంలాగే అనిపించింది. ఇది వెయ్యి, అది వెయ్యి, కాచు, వడగట్టు, ఎందుకో అడగొద్దు. సార్ ఒకరోజు తీరిగ్గా ఉండి, "ఇది పెళ్ళిభోజనాల బంతిరా. మొదటి బంతి లేవకుండా రెండో బంతికి విస్తళ్ళు వేయకూడదు" అన్నారు. సజల హెచ్‌సీఎల్‌కి అవక్షేపమై కూర్చునేవాళ్ళు మొదటి బంతి, సీసం లాంటివి. వాటిని వడగట్టి పంపేశాక, అదే యాసిడ్ ఉండగా హైడ్రోజన్ సల్ఫైడ్ పంపిస్తే రెండో బంతి, కాపర్ లాంటివి. జింకూ మాంగనీసూ కూడా సల్ఫైడ్‌తో కూర్చునేవే కదా, మరి అప్పుడే ఎందుకు కూర్చోవు? యాసిడ్‌లో హైడ్రోజన్ అయాన్లు ముందే కిక్కిరిసి ఉంటాయి కాబట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ విడిపోవడానికి చోటు లేదు. సల్ఫైడ్ అయాన్లు చిటికెడే దొరుకుతాయి. ఆ చిటికెడుకే కాపర్ అవక్షేపమైపోతుంది, జింకుకి అది చాలదు. తర్వాత అమ్మోనియా పోసి ఆ హైడ్రోజన్ అయాన్లని ఖాళీ చేయిస్తే సల్ఫైడ్ పెరుగుతుంది, నాలుగో బంతిలో జింకూ మాంగనీసూ వచ్చి కూర్చుంటాయి. ఫస్టియర్లో బట్టీ కొట్టిన ఉమ్మడి అయాన్ ప్రభావం, ద్రావణీయతా లబ్ధం, రెండూ ఆ పూట నా చేతిలో ఉన్న నాళికలో తెల్లగా అడుక్కి దిగాయి. రెండేళ్ళలో నాకు పాఠమూ ల్యాబూ ఒకచోట కలిసింది ఆ ఒక్క పూటే.

టైట్రేషన్ వేరే లోకం, ద్రావణం గాఢతని చుక్కలతో కొలవడం. ఇనుము ఉన్న మోర్ లవణం ద్రావణాన్ని పిప్పెట్‌తో నోటితోనే పీల్చేవాళ్ళం. ఒకసారి కబుర్లు చెబుతూ పీల్చి, నాలుక మీదికి తెచ్చుకున్నాను. తుప్పు పట్టిన మేకు నాకినట్టుంది. బాబాయ్ తిట్టి నాలుగుసార్లు పుక్కిలింపించాడు. ఫ్లాస్కులో సజల సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి, కొళాయి ఉన్న గాజు గొట్టం బ్యూరెట్ లోంచి పర్మాంగనేట్ వదలాలి. చిక్కటి వంకాయ రంగు చుక్క కింద పడగానే మాయం, ఇంకోటి మాయం. ఎడమచేత్తో కొళాయి, కుడిచేత్తో ఫ్లాస్కు తిప్పుతూ ఉండాలి. రీడింగ్ పద్దెనిమిది దాటాక గుండె వేగం పెరుగుతుంది. రంగు పోవడానికి కాస్త కాస్త ఆలస్యమవుతుంది. ఇంకొక్క చుక్క... మొత్తం ఫ్లాస్కు పసిపాప అరికాలు రంగు. అక్కడ ఆపాలి. చేయి ఒక్క క్షణం మొరాయిస్తే అరికాలు కాస్తా వంకాయ అవుతుంది, మళ్ళీ మొదటికి. వరసగా రెండుసార్లు ఒకే రీడింగ్ రావాలి. రానప్పుడు మేం దాన్ని ఎలా రప్పించేవాళ్ళమో ఇక్కడ రాయను, ఆ పని చేయనివాడెవడైనా ఉంటే చేతులెత్తమనండి.

పరీక్ష ప్రాక్టికల్‌కి 30 మార్కులు. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తారు. ముందురోజు సాయంత్రం మా క్లాసులో ఒకడు మనిషికి 20 రూపాయలు వసూలు చేశాడు. బాబాయ్ నంబరు చూసి సాల్ట్ పేరు చెబుతాడు, అదీ ఒప్పందం. పొట్లాలు కట్టేది ఆయనే కదా. తప్పే. కానీ అప్పుడు తప్పనిపించలేదు, అదీ ఫీజులో ఒక భాగమే అనుకున్నాం.

నాకు చీటీలో 6వ నంబరు పొట్లం వచ్చింది. నా బెంచీ మిత్రుడికి 9. బాబాయ్ నీళ్ళ బక్కెట్టు మోసుకెళుతూ నా పక్కన ఆగి, "బేరియం క్లోరైడు" అని గొణిగి వెళ్ళాడు. మిత్రుడి దగ్గర ఆగి "లెడ్ నైట్రేటు" అన్నాడు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. బేరియం అయిదో బంతి. పేపర్ మీద వెనకనుంచి ముందుకి రాసుకొచ్చేద్దామనుకుని, ఏదో ఒకటి చేస్తున్నట్టు కనపడాలి కాబట్టి చిటికెడు పొడి నాళికలో వేసి దీపం మీద పెట్టాను.

పోపులో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. వెంటనే నాళిక మూతిలోంచి ఎర్రటి గోధుమరంగు పొగ, నైట్రేట్ పొగ. బేరియం క్లోరైడ్‌ని వేడిచేస్తే పక్కలకి కాసిన్ని నీటిబొట్లు రావాలంతే. చెమటలు పట్టాయి. అటుపక్క బాబాయ్ కూడా ఆ చప్పుడుకి తల తిప్పి చూశాడు. ఆయన మొహం చూస్తే నాకు అర్థమైపోయింది. పొట్లాల మీద నీలం పెన్సిల్‌తో నంబర్లు వేశాడు, 6 కిందా 9 కిందా గీత పెట్టలేదు. బల్లకి అవతల నిలబడి చదివాడు.

కొత్త నాళిక తీసుకుని, పొడి నీళ్ళలో కరిగించి సజల హెచ్‌సీఎల్ వేశాను. తెల్లగా కూర్చుంది. మొదటి బంతి. ఆ తెల్లటి అవక్షేపాన్ని నీళ్ళు పోసి కాచితే కరిగిపోయింది. అందులో పొటాషియం అయోడైడ్ నాలుగు చుక్కలు. పసుపు ముద్ద. దాన్నీ నీళ్ళు పోసి మరగనిచ్చాను, పసుపంతా మాయమై తేటనీళ్ళు మిగిలాయి. ల్యాబ్‌లో ఇంతవరకే చేయించేవాళ్ళు. చేతులు వణుకుతుంటే నాళికని కుళాయి నీటి కింద పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి లోపల ఏదో మెరిసింది. ఒకటి, పది, వంద. సన్నటి బంగారు రేకులు, పట్టుచీర జరీని పొడి చేసి నీళ్ళలో వేసినట్టు, మెల్లగా తిరుగుతూ కిందికి దిగుతున్నాయి. ఎగ్జామినర్ ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డారో తెలియదు. నాళిక నా చేతిలోంచి తీసుకుని కిటికీ వెలుగుకి పెట్టి చూశారు. "సీసం" అన్నాను. "తెలుస్తూనే ఉందిగా" అన్నారాయన, కానీ నాళిక వెంటనే తిరిగివ్వలేదు.

ఆయన అటు తిరగ్గానే బాబాయ్ చెవిలో "ఆరూ తొమ్మిదీ తారుమారయ్యాయి" అన్నాను. బాబాయ్ ఏమీ మాట్లాడకుండా రీఏజెంట్ల అర దగ్గరికి వెళ్ళి, బేరియం క్లోరైడ్ ద్రావణం సీసా తెచ్చి మా మిత్రుడి ముందు ఠక్కున పెట్టి, కళ్ళెగరేసి వెళ్ళాడు. వాడు ఆ సీసాని ఒకసారి చూసి, పక్కకి జరిపి, రాసుకుంటూ కూర్చున్నాడు. అప్పటికే వాడి పేపర్లో నైట్రేట్ పరీక్ష పూర్తయింది, నైట్రేట్ ఉంటే కనపడే గోధుమరంగు వలయం వచ్చిందని కింద గీత కూడా గీశాడు.

"ఏదయ్యా, వలయం చూపించు" అన్నారు ఎగ్జామినర్.

"ఇప్పటిదాకా ఉంది సార్. కరిగిపోయింది."

సాయంత్రం గేటు దగ్గర వాడు బాబాయ్‌ని పట్టుకుని ఇరవై రూపాయలు తిరిగివ్వమని గొడవపడ్డాడు. బాబాయ్ తగ్గలేదు. "సీసా తెచ్చి నీ మొహం ముందు పెడితినిగా. దానిమీద పేరుంది. చదవడం నీకొచ్చా, నాకొచ్చా?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, జేబులోంచి పది రూపాయల నోటు తీసి ఇచ్చాడు.

"ఇదేంటి బాబాయ్?"

"సగం నువ్వే కనుక్కున్నావు గదబ్బాయ్."

ఆ పదితో బస్టాండు ఎదురుగా ఇద్దరం చెరుకురసం తాగాం. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వాడు ఒకటే వాదన, ఆ వలయం నిజంగానే వచ్చిందని.